మా నాయన అజంతా చూసిన విధం

అజంతా మాటెత్తితే చాలు, మనుషులు గొంతు తగ్గిస్తారు. కళ్లు అరమూసి, పూనకం వచ్చే ముందరలాగా తల ఊపుతారు. నాకు ఒళ్లు మండుతుంది. నేనూ పోయి చూశాను. పోయినప్పుడు నా చంకలో పలక ఉంది. నా వెనక, అక్కడున్నది ఏ దేవుడో తెలియకుండానే సంచిలో టెంకాయ వేసుకొచ్చిన మేనత్త ఉంది. ముందర, తగిలిన ప్రతి గోడనూ వేలి కణుపుతో కొట్టి చూసే నాయన ఉన్నాడు. మాలో ఒక్కరికీ తల ఊపే తీరిక దొరకలేదు.

మాది మార్కాపురం, పలకల ఊరు. దేశంలో అఆలు దిద్దిన పిల్లల్లో సగం మంది మా ఊరి రాతి మీదనే దిద్దారని నాయన చెప్పేవాడు. ఆ సగం సంగతి ఆయనకు ఎవరు చెప్పారో అడిగే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. మాది పెద్ద ఫ్యాక్టరీ ఏమీ కాదు, ఊరి చివర ఒక షెడ్డు. గని నుంచి రాయి బండ్ల మీద వచ్చేది. పనివాళ్లు ఉలి పెట్టి పొరలు పొరలుగా చీల్చి, కోసి, నీళ్లు చల్లి ఇసకతో రుద్ది నున్నగా చేసేవాళ్లు. చట్రం బిగించే ముందు ప్రతి పలకా నాయన చేతిలోకి రావాల్సిందే. ఎడమ చేతి వేళ్ల మీద నిలబెట్టి, కుడి చేతి కణుపుతో టక్కున కొట్టేవాడు. ఖంగుమంటే మంచిది. గొంతు బొంగురు పోతే లోపల పగులు ఉన్నట్టు. అప్పటికీ అనుమానం ఉంటే బొటనవేలు నాలుక మీద తడిపి పలక మీద ఒక్క రాపు రాసేవాడు. రాయి మీది తడి ఇట్టే ఆరిపోతుంది. వెంట్రుకంత పగులున్నా సరే, అందులో తడి మాత్రం సన్న గీతలాగా కాసేపు నిలుస్తుంది. "ఏం, గీత ఉందా?" అని నన్ను అడిగేవాడు. ఉందనో లేదనో నేను చెప్పాలి. నాకు పని నేర్పే పద్ధతి అది.

ఈ తట్టి చూసే అలవాటు మా వాళ్ల ఒంట్లో ఎంతగా దిగిపోయిందంటే, పెళ్లిచూపులకు పోయినవాళ్లు కూడా ముందు వాళ్ల గడప బండను తట్టి చూసి, ఆ తర్వాత పిల్లను చూసేవాళ్లు. బండ ఖంగుమంటే సంబంధం సగం కుదిరినట్టే.

పగిలిన పలకలన్నీ నా వాటా. వాటి మీద బొమ్మలు వేసేదాన్ని. రాయి రుద్దే ఆడవాళ్లు, బండి ఎద్దులు, షెడ్డు ముందు పడుకునే కుక్క, ఏది కనపడితే అది. ఒకసారి మా అత్త నోరు తెరిచి పాలామెను తిడుతున్న బొమ్మ వేస్తే, ఆమె కోప్పడకపోగా మురిసిపోయి, "నోరు ఇంకొంచెం చిన్నది చెయ్యవే" అంది. పొద్దున వేసింది సాయంత్రానికి తడిగుడ్డతో పోయేది. అప్పటికి నా జీవితంలో నేను వేసిన బొమ్మ ఒక్కటీ మిగల్లేదు.

ఎస్సెస్సెల్సీ అయింది. గుంటూరులో డ్రాయింగు టీచరు ట్రైనింగు ఉందని మా బడి డ్రాయింగు మాస్టరు చెప్పి, ఫారం తెప్పించి ఇచ్చాడు. అన్నీ నింపాను. కింద ఒక గీత ఖాళీగా మిగిలింది, అక్కడ తండ్రి సంతకం పెట్టాలి.

"ఆడపిల్ల బొమ్మలేసి ఎవురిని ఉద్ధరించాల?" అన్నాడు నాయన మొదటి వారం. రెండో వారం, "గుంటూరు నీళ్లు నీకు పడవు" అన్నాడు. గుంటూరు నీళ్లు ఆయనా తాగలేదు, నేనూ తాగలేదు. మూడో వారం, "నువ్వు పోతే షెడ్డులో నా పక్కన ఎవరు కూచుంటారు?" అన్నాడు. ఈ మాట మెల్లిగా అన్నాడు కాబట్టి నేను లెక్కచెయ్యలేదు. మా ఇంట్లో అరిచి చెప్పిందే మాట.

ఆ నెలాఖరుకు ఫారం పోస్టులో పడకపోతే మళ్లీ ఏడాది దాకా లేదు. ఏడాది ఆగితే నా మెళ్లో పుస్తె పడిపోతుంది. మేనత్త అప్పటికే కంభంలో ఒక సంబంధం చూసి పెట్టింది. పిల్లవాడికి కిరాణా కొట్టుంది, బొజ్జ కూడా ఉంది. ఈ రెండూ ఆమె ఒకే గొంతుతో, గొప్పగా చెప్పింది.

సరిగ్గా అప్పుడే ఔరంగాబాదు నుంచి శుభలేఖ వచ్చింది. మా పలకలు కొనే సేటు కూతురి పెళ్లి. నాయన తప్పక పోవాలి. అమ్మకు ఇంట్లో ఈనబోయే బర్రె ఉంది, రానంది. అత్త వస్తానంది. నన్నూ రమ్మన్నాడు నాయన. నేను ఫారం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

రాష్ట్రాలు కలిపిన కొత్త అది. మా ఊరు అప్పటికి ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉంది. మార్కాపురం రోడ్డు స్టేషనులో బండెక్కాం. గిద్దలూరు దాటాక నల్లమల సొరంగంలోకి బండి దూరగానే అత్త గోవింద నామాలు మొదలుపెట్టి, వెలుతురు వచ్చినా ఆపలేదు. ద్రోణాచలంలో ఒకసారి, సికింద్రాబాదులో ఒకసారి బండి మారాం. సికింద్రాబాదు ప్లాట్‌ఫారం మీద ఎర్రకోటు కూలీ అత్త మూట పట్టుకోబోతే, "ఈ ఊరు ఇప్పుడు మనదే గదా, ఈడెవుడు నా మూట గుంజుకునేదానికి?" అని ఆమె పెద్ద గలాటా చేసింది. రాష్ట్రాలు కలవడం వల్ల మా ఇంట్లో ఎవరికైనా ధైర్యం పెరిగిందంటే అది ఆమెకే.

ప్రతి స్టేషనులోనూ నాయన, "బోర్డు చదువు" అనేవాడు నాతో. నాకు హిందీ అక్షరాలు వచ్చో రావో చూడాలట. మధ్యమధ్య కళ్లు నులుముకుని, ఇంజను బొగ్గు రవ్వలను తిట్టేవాడు. ఒకచోట దిగబోయి మా ట్రంకుపెట్టె మీదనే తూలిపడి, దాన్ని అక్కడ పెట్టిన మా అత్తనూ, చేసిన కమ్మరినీ కలిపి తిట్టాడు. పెట్టెను అక్కడ పెట్టింది ఆయనే.

ఆ రెండు రోజుల ప్రయాణంలో నేను చెవిలో జోరీగలాగా ఫారం మాటే పాడాను. చివరికి నాయనకు విసుగొచ్చింది.

"సరేలేవే. ఆ అజంతా అని ఏందో ఉందంట, గుహల్లో బొమ్మలంట. పెండ్లయినాక బస్సెక్కిస్తానని సేటు రాసినాడు. ఆడ ఒక బొమ్మ చూసి వెయ్యి. నేను చూస్తా. బాగుంటే సంతకం పెడతా. బాగలేకుంటే ఆ కాయితం మళ్ల నా కంటికి చూపియ్యగూడదు. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటా. దారిలో కాయితాలు కొను."

"పలకల ఇంట్ల పుట్టి కాయితం కొనేదేంది? సిగ్గులేదా? పలక మీద వెయ్యి."

పెళ్లివారికి బహుమానంగా చట్రానికి రంగేసిన పలకలు ఒక కట్ట తెచ్చాం. అందులోంచి ఒకటి నాకు లాగి ఇచ్చాడు, ముందు తట్టి చూసి మరీ.

పెళ్లి బాగా జరిగింది. మూడు పూటలూ తీపే పెట్టారు. మా అత్త మడి కట్టుకుని, తెచ్చుకున్న జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి తింటూ, "కారం లేని పెండ్లి ఏం పెండ్లి" అని వధూవరులకు వినపడేలా అంది. అదృష్టం బాగుండి వాళ్లకు తెలుగు రాదు. మరునాడు తెల్లవారగానే సేటు మమ్మల్ని అజంతా బస్సెక్కించాడు.

బస్సు దిగితే కొండ. కొండ నడుముకు చుట్టూ గుహలు, కింద లోయలో వాగు. మెట్ల దగ్గర డోలీ మోసేవాళ్లు మా అత్తను చూసి ఎగబడ్డారు. ఆమె చీర కొంగు బిగించి, "బతికుండగానే నలుగురు మోసేదేందిరా, అంత తొందర నాకు లేదు" అని మా కంటే ముందు ఎక్కింది. నాయన నా భుజం మీద చెయ్యేసి, గురువు శిష్యురాలిని నడిపించినట్టు దర్జాగా ఎక్కాడు. ఆయన చెయ్యి బరువుకు నా భుజం పీకింది గానీ, సంతకం పెట్టాల్సిన చెయ్యి అదేనని ఓర్చుకున్నాను.

మొదటి గుహలోకి పోయాం. బయటి ఎండ నుంచి లోపలికి అడుగుపెట్టగానే ఏమీ కనపడలేదు. తెల్లగడ్డం కాపలాదారు ఒకాయన, తెల్లగుడ్డ బిగించిన చట్రాన్ని వాకిట్లో ఎండకు పట్టి, ఆ వెలుతురును లోపలికి మళ్లిస్తున్నాడు. కాసేపటికి స్తంభాలు, గోడలు, వెనక గదిలో కూర్చున్న పెద్ద బుద్ధ విగ్రహం కనపడ్డాయి. అత్త సంచిలోంచి టెంకాయ తీసింది.

"ఈయన ఎవురే?"

"బుద్ధుడు."

"పక్కన అమ్మవారు ఏది?"

"ఇంట్లో వదిలేసి వచ్చినాడు అత్తా."

"చెప్పి వచ్చినాడా?"

"లేదు. ఆమె నిద్రపోతాంటే లేచి వచ్చేసినాడు. ఒళ్లో పసిబిడ్డ గూడా."

మా మామ ఇరవై ఏళ్ల కిందట శ్రీశైలం పోయొస్తానని పోయి మళ్లీ రాని మనిషి. అత్త ఆ విగ్రహాన్ని తలనుంచి కాళ్లదాకా చూసింది. తర్వాత టెంకాయ మళ్లీ సంచిలో వేసుకుంది. "మా ఆయనన్నా చెప్పి పోయినాడు. ఇట్లాంటోనికి నా టెంకాయ ఇయ్యను" అని బయటికి పోయి మెట్ల మీద కూర్చుంది.

నేను గర్భగుడి పక్క గోడ ముందు చతికిలపడ్డాను. ఆ గోడ మీద కమలం పట్టుకున్న ఆయన ఉన్నాడు. అందరూ కళ్లు అరమూసి చెప్పేది ఆయన గురించే. నేను కూడా ఏదో ఒక వంక పెడదామనే చూశాను. కిరీటం మరీ పెద్దది, మెడ నొప్పి పుట్టదా అనుకున్నాను. అంతవరకే నా వెక్కిరింత పనిచేసింది. వంగిన ఆ కనురెప్పల కింద ఉన్న మనిషి, ఎవరి కష్టమో విని ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నట్టున్నాడు. ఇంత బాగా వెయ్యొచ్చని నాకు ఎవరూ చెప్పలేదు. పలక ఒళ్లో పెట్టుకుని బలపం తీశాను.

నలుపు మీద తెల్ల గీతతో బొమ్మ వేస్తే చీకటి దానంతటదే ఉంటుంది, వెలుగు ఉన్నచోటే మనం గీత పెట్టాలి. ఆ గోడకు అదే సరిపోయింది. కనుబొమ్మ ఒక్క లాగుకు వచ్చింది. ముక్కు రెండుసార్లు చెరిపాను. పెదవులు, మెడ, భుజం అయ్యాయి. కమలం పట్టుకున్న చెయ్యి మిగిలింది.

టక్.

వెనక నాయన స్తంభాన్ని కొడుతున్నాడు. టక్. టక్. గుహంతా మోగింది. చూడ్డానికి వచ్చిన తెల్లదొర జంట ఒకటి ఉలిక్కిపడి తిరిగి చూసింది. కాపలాదారు ఉర్దూలో కొట్టొద్దన్నాడు. మా నాయనకు సంతల్లో నేర్చిన ఉర్దూ వచ్చు. "కొట్టి చూస్తేనే గదా సాబు, రాయి తెలిసేది" అన్నాడు. "పదిహేను వందల ఏండ్లుగా నిలబడి ఉంది, నువ్వు కొత్తగా తెలుసుకునేది ఏమీ లేదు" అన్నాడు ఆయన. నాయన సరేనన్నాడు. నేను తల దించుకుని వేళ్లు వెయ్యడం మొదలుపెట్టాను. చేతివేళ్లు ఎప్పుడూ కష్టమే.

ఎంతసేపైందో తెలియదు. తల ఎత్తేసరికి నాయన నా పక్కనే గోడ దగ్గర ఉన్నాడు. బొటనవేలు నాలుక మీద తడిపి గోడ మీదికి చాపుతున్నాడు. కాపలాదారు చట్రం పడేసి ఒక్క దూకు దూకి ఆయన మణికట్టు పట్టుకున్నాడు. వేలికీ గోడకూ మధ్య ఒక్క బెత్తెడు ఉంది. అక్కడున్నది ఉత్త రాయి కాదు. రంగుంది, పూలదండ ఉంది, ఎవరో పరిచారిక ముఖం ఉంది. అప్పటిదాకా వెలుతురు దాని మీదనే పడుతోంది.

ఆ తర్వాత కాపలాదారు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. ఉర్దూలో ఎన్ని తిట్లున్నాయో ఆ రోజు తెలిసింది. మమ్మల్ని బయటికి నడవమన్నాడు. నేను పలక చూపించి, చెయ్యి ఒక్కటే మిగిలిందని సైగలు చేశాను, చేతులు జోడించాను. వినలేదు. మెట్ల మీద నుంచి అత్త లేచి వచ్చి, విషయం తెలుసుకోకుండానే, "మా తమ్ముడు ముట్టుకోవాలంటే రాళ్లు గూడా పెట్టి పుట్టి ఉండాల!" అని యుద్ధం మొదలుపెట్టింది. దాంతో మాకు ఉన్న కాస్త ఆశా పోయింది.

బయటికొచ్చాక నాకు ప్రాణం ఉసూరుమంది. చంకలో చెయ్యి లేని బొమ్మ, సంచిలో సంతకం లేని ఫారం. నాయన మీద నేను ఎప్పుడూ గొంతెత్తలేదు. ఆ రోజు కొండంతా వినపడేలా అరిచాను.

"నువ్వు కావాలనే చేసినావు! నేను వేస్తే సంతకం పెట్టాల్సి వస్తదని! గోడ మీద బొమ్మ అంత పెద్దదుంటే దాని మీద ఎంగిలి వేలు రుద్దుతావా? కండ్లు కనపడవా నీకు?"

మా ఇంట్లో ఒక మాటంటే పది మాటలు పడతాయి. నాయన మాత్రం ఆ రోజు నా భుజం కోసం చూడకుండా, చెయ్యి కొండరాతికి ఆనించుకుంటూ మెల్లగా గుహ వాకిలి వైపు పోయాడు. కాపలాదారు లేచి అడ్డం నిలబడ్డాడు. ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. దూరం నుంచి నాకు కనపడిందల్లా, ఊరంతా నోరున్న మనిషి అని పేరు పడ్డ మా నాయన తల దించుకుని చేతులు జోడించడం. కాపలాదారు చేతులు కిందికి దిగాయి. ఆయన మా నాయన ముఖం ముందు అరచెయ్యి అటూ ఇటూ ఆడించాడు. అదేందో నాకు అర్థం కాలేదు, ఇంకా తిడుతున్నాడనుకున్నాను. కాసేపటికి నా వైపు చూసి లోపలికి రమ్మని చెయ్యి ఊపాడు. నాయన బయటే ఒక రాతి అరుగు మీద కూర్చున్నాడు.

ఈసారి కాపలాదారు చట్రం పట్టుకుని నా కోసమే నిలబడ్డాడు. చెయ్యి వేశాను. చిటికెన వేలు దగ్గర బలపం విరిగింది. గోటంత ముక్కతోనే కమలం పూర్తి చేశాను. ఆయన వచ్చి నా వెనక నుంచి పలకను చాలాసేపు చూశాడు. గోడను చూశాడు, మళ్లీ పలకను చూశాడు. "ముక్కు కొంచెం పొడుగైంది. మిగతాది ఆయనే" అన్నాడు. ఆ మాత్రం ఉర్దూ నాకూ అర్థమైంది. తర్వాత ఆయన నాకంటే ముందు బయటికి పోయాడు.

నేను పలక రెండు చేతులతో పట్టుకుని, గాలి కూడా తగలనివ్వకుండా తెచ్చి నాయనకిచ్చాను. ఒక మూల పరీక్ష రాసిన పిల్లలాగా భయం, ఇంకో మూల కోపం ఇంకా తగ్గలేదు. నాయన పలకను చట్రం అంచులు పట్టుకుని అందుకున్నాడు. చెయ్యి చాపి దూరం పెట్టాడు, ఎండ వైపు కొంచెం వంచాడు. షెడ్డులో పలకలు చూసే తీరులోనే చూశాడు.

"బాగుంది" అన్నాడు. "ముఖంలో కళ ఉంది. మంచిగ వేసినావు."

కమలం పట్టుకున్న ఆయన కిరీటం మా నాయన బొజ్జ వైపుంది. మెడ పైకుంది. పలక తలకిందులుగా ఉంది.

ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. పలక ఆయన చేతిలోనే తిప్పి సరిగా పెట్టాను. ఆయన మళ్లీ ఎండ వైపు వంచి, మళ్లీ అదే గొంతుతో, "ఆ, బాగుంది" అన్నాడు.

"నాయనా, ఇంతసేపూ తలకిందులు పట్టుకున్నావు."

ఆయన పలక దించి పక్కన పెట్టుకున్నాడు. పైపంచెతో కళ్లు తుడుచుకున్నాడు. బొగ్గు రవ్వలు అక్కడ లేవు.

"రెండేండ్లయింది," అన్నాడు. "ముందు ఎడమ కన్ను పోయింది. ఇప్పుడు కుడిది గూడా పోతాంది. ఎండలో మనిషి నిలబడితే నీడ మాదిరి తెలుస్తది, ఎవురో తెలీదు. ఆ గుహలో నాకేం కనపడ్ల తల్లీ. రాయి ఒక్కటే తెలిసింది. ఆ మూల గోడ చేతికి చల్లగుంటే పగులుందేమోనని అలవాటు కొద్దీ చూడబోయినా."

"డాక్టరుకు చూపియ్యకుండా..."

"రాయి పనని చెప్పి కర్నూలు పోయినా గదా, రెండుసార్లు. నరం ఎండిపోయిందంట. కోసినా లాభం లేదన్నారు."

రెండేళ్లుగా గీత ఉందా అని అడిగింది, ఉత్తరాలు చదివించింది, స్టేషను బోర్డులు చదివించింది, భుజం మీద చెయ్యేసింది, అన్నీ ఒక్కసారిగా నా ముఖాన కొట్టాయి. కండ్లు కనపడవా అని కొండంతా వినపడేలా అరిచిన నోరు నాదే. నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది. దాని మీద మళ్లీ కోపమొచ్చింది.

"మాకు చెప్పకుండా దాచిపెట్టి, ముక్కూ ముఖం తెలియని ఆ గడ్డం ఆయనకు చెప్పినావా?"

"చెప్పకపోతే నిన్ను లోపలికి రానిస్తాడా?"

"అందుకేనా నన్ను గుంటూరు పంపనన్నది?"

"అందుకే. నువ్వు పోతే నాకు గీత ఉందని ఎవరు చెప్తారు? ఈడికి గూడా, నువ్వు ఏది వేసినా బాగలేదని చెబుదామనే వచ్చినా." గుహ వైపు తల తిప్పాడు. "ఆ సాబు ఇప్పుడే వచ్చి చెప్పినాడు, ముక్కు తప్ప అంతా బాగుందంట. ఇరవై ఏండ్లుగా ఆయన ఆ బొమ్మ ముందరే నిలబడినాడంట. పలక సంగతి నేను చెబితే ఊరంతా నమ్ముతారు గదా. బొమ్మ సంగతి ఆయన చెబితే నేను నమ్మొద్దా? తియ్యి కాయితం."

"వద్దులే నాయనా. వచ్చే ఏడు చూద్దాం."

అంతే, ఆయన ముక్కు మీది కోపం మళ్లీ ఎక్కడినుంచో ఊడిపడింది.

"మే! నా మీద జాలి పడినావంటే ఈ కొండ మీదనుంచి తోస్తా. తియ్యమంటాండా గదా!"

"షెడ్డులో ఎవరు కూచుంటారు మరి?"

"మీ అత్త ఉండాది గదా. ఊర్లోవాళ్ల తప్పులన్నీ ఆమెకు ఇంట్ల కూచుంటేనే కనపడతాయి. పలకలో పగులు కనపడదా?"

ఆ మాటకు నేను నవ్వాను, ముక్కు చీదుతూ. దూరంగా మెట్ల మీద అత్త టెంకాయను రాతికి కొట్టి, డోలీ మోసేవాళ్లకు తలా ఒక చిప్ప ముక్క పెడుతోంది.

సంచిలోంచి ఫారం తీశాను. కలం తీశాను. కింద పెట్టుకోవడానికి గట్టిది కావాలని నాయన తడుముకుని, పక్కనున్న పలకే తీసి మోకాళ్ల మీద బోర్లా పెట్టుకున్నాడు. బొమ్మ ఉన్న వైపు ఆయన పంచెకు రాసుకుపోయింది. తెల్ల సుద్ద గుడ్డకు అంటుకోవడం నేను చూస్తూనే ఉన్నాను. పలక వెనక వైపు ఫారం పరిచాను.

"యాడ పెట్టాలనో నాకు తెలీదు," అన్నాడు నాయన, చూపుడువేలు నా వైపు చాపి. "ఈ వేలు పట్టుకుని ఆడ పెట్టు."

పట్టుకుని, ఖాళీ గీత మొదట్లో పెట్టాను.

"ఈడేనా?"

"ఈడే నాయనా."

వేలి పక్కన కలం ఆనించి, ఊపిరి బిగబట్టి, ఒక్కొక్క అక్షరమే పెద్దగా రాశాడు. సంతకం గీత మీద నిలవలేదు. పైకి పైకి పోయి, నేను గుండ్రంగా రాసుకున్న నా పేరు మీదికి ఎక్కింది. ఇంకో ఫారం తెప్పించుకోమని డ్రాయింగు మాస్టరు తర్వాత చెప్పాడు. నేను వినలేదు, దాన్నే పోస్టులో వేశాను.